ఇరవైరెండు అంగలు

ఆ ఉదయం ఆకాశం ఏకిన దూదిలా విడివిడిగా ఉంది. తూర్పున కాస్త ఎరుపు, దాని మీద బూడిద చల్లినట్టు పలచటి మబ్బు. గాలి లేదు. పెరట్లో తీగ మీద ఆరేసిన తువ్వాలు కొయ్యకు కొట్టినట్టు కదలకుండా వేలాడుతోంది. తాడు మేస్త్రి వెనక గుమ్మంలో నిలబడి నోరు పుక్కిలించి, ఎడమకన్ను మూసి, కుడికంటితో మబ్బు అంచును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు.

"మధ్యాహ్నం దాకా ఫరవాలేదు. నాలుగు దాటితే మాత్రం చెప్పలేం," అన్నాడు.

లోపల రెండు క్యారేజీలు సర్దుతున్న భార్య నవ్వింది. "నీ ఆకాశం మాట నమ్మి ఆరేసిన బట్టలు ఎన్నిసార్లు తడిశాయో నాకు తెలుసులే. పచ్చివైనా సరే, ఇప్పుడే తీసి లోపల వేస్తాను."

మామూలుగా అయితే ఆ మాటకు ఆయన కూడా నవ్వేవాడే. మూడు వారాలుగా వాన మాట ఎవరు హాస్యానికి ఎత్తినా ఆయన మొహం అదోలా అయిపోతోంది. చెంబు బోర్లించి లోపలికి వచ్చాడు. పీట మీద రెండు పళ్లేలు కొంచెం ఎడంగా ఉంటే వేలితో జరిపి ఒక వరసలో పెట్టాడు. అది ఆయన అలవాటు. చాప, చెప్పులు, గోడ మీద పటం, ఏదైనా సరే వంకరగా ఉంటే చూడలేడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక కన్ను మూసి తాడు వెంట చూసీ చూసీ ఆ ఎడమకన్ను సగం మూతపడే ఉండిపోయింది. నడుము ముందుకు వంగింది. మోకాళ్లు రెండూ ఒంటె మోకాళ్లలా కాయలు కాశాయి. గోళ్ల సందుల్లో తెలుపు ఎంత రుద్దినా పోదు.

"నడుం వంగినా చూపు వంగలేదు మహానుభావుడికి," అంటుంది భార్య. ఆమె పెద్దాసుపత్రి బట్టలు ఉతికే లాండ్రీలో పని చేస్తుంది. పొద్దున ఏడున్నర నుంచి సాయంత్రం ఐదింటిదాకా దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల కోట్లు. ఇంటికి వచ్చాక మళ్లీ ఈయన చొక్కా. ఉతికే ముందు జేబులు రెండూ తిరగేసి దులుపుతుంది. రోడ్డు మీద వేసిన తెల్లగీత తడి ఆరకముందే చల్లే సన్న గాజుపూసలు, ఆవగింజలో సగం ఉంటాయి, జలజలా రాలతాయి. దీపం వెలుగు పడితే గీత మెరవడానికి చల్లుతారు వాటిని. "ఊరంతా చల్లినవి చాలక ఇంట్లో కూడానా?" అని సణుగుతూనే వాటిని చీపురుతో ఒక మూలకు తోస్తుంది. ఆ మూల సాయంత్రం ఎండ పడితే మిలమిలలాడుతుంది.

రోడ్ల మీద తెల్లగీతలు వేసే ముఠాలో తాడు పట్టడం ఆయన పని. గీత వేసేది రంగుబండే గాని, అది ఎక్కడ పోవాలో బండికి తెలియదు. మేకు కొట్టి, తాడు లాగి, సుద్ద పొడి పట్టించి, మధ్యలో వేలితో మీటితే రోడ్డు మీద సన్నని చార పడుతుంది. ఆ చార వెంటే బండి నడుస్తుంది. ఊళ్లో ఏ రోడ్డు మీద ఏ గీత చూసినా అది ముందు ఆయన తాడు కింద పుట్టినదే. ఎవరికీ ఆ సంగతి తెలియదు. తెలియాలని ఆయనా ఎన్నడూ అనుకోలేదు.

ఏడింటికి ఇద్దరూ సైకిళ్లు తీశారు. ఆమె ముందు, ఆయన వెనక కొంచెం కుడివైపుకు. ఆమెకూ పెద్ద బండ్లకూ మధ్య తన సైకిలు ఉండేలా చూసుకుంటాడు. ఈ పద్ధతి మొదలైంది నెల కిందటే. అంతకుముందు ఎవరి దారి వారిదే.

దానికి కారణం కూతురు. ఆమె ఒక కంపెనీ వాళ్లను ఎక్కించుకుపోయే వ్యాను నడుపుతుంది, నాలుగు వీధుల అవతల కాపురం. ఒక ఆదివారం వ్యాను కడుగుతూ ఉండి, "నాన్నా, ఒకసారి ఇటు రా. నా సీట్లో కూర్చో," అంది. కూర్చున్నాడు. "అమ్మా, నువ్వు సైకిలు పట్టుకుని ఎడమపక్క వెనక చక్రం దగ్గర నిలబడు." నిలబడింది. "ఇప్పుడు అద్దంలో చూడు నాన్నా. అమ్మ కనపడుతోందా?"

అద్దంలో గోడ కనపడింది. బకెట్టు కనపడింది. మూడు గజాల దూరంలో ఎర్ర చీర కట్టుకుని నిలబడ్డ మనిషి మాత్రం లేదు.

"ఏదీ?" అన్నాడాయన.

"ఇక్కడే ఉన్నానయ్యా, ఎక్కడికి పోతాను?" అంది భార్య బయటి నుంచి.

"అదీ సంగతి," అంది కూతురు. "ప్రతి బండికీ ఇలాంటి మూల ఒకటుంటుంది. మేం చూస్తాం నాన్నా, చూడకుండా ఎవరూ తిప్పరు. చూస్తే కనపడరు, అంతే. అందుకే సైకిలుకు వేరే దారి ఉండాలనేది. మీ గీత ఉందనుకో, నేను చూసినా చూడకపోయినా ఆ గీత దాటను."

ఆయన దిగి వచ్చి భార్య భుజం మీద చెయ్యి వేసి, ఉందా లేదా అన్నట్టు ఒకసారి నొక్కి తీసేశాడు. ఆ తరువాత వారం రోజులకే లాండ్రీ రోడ్డు మీద సైకిళ్ల దారికి గీత వెయ్యమని ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక పని కోసం ఆయన అంత ఉషారుగా వెళ్లిన రోజు ఇంకోటి లేదు.

ఇప్పుడు ఆ గీత పక్కనే ఇద్దరూ సైకిళ్లు తొక్కుతున్నారు. ఎడమ చేతి వైపు గట్టు రాయి, కుడి చేతి వైపు జానెడు వెడల్పు తెల్లగీత, మధ్యలో సైకిలు మనుషులు. పాలవాళ్లు, బడి పంతులమ్మలు, కుట్టుపని వాళ్లు. బస్సులు గీతకు అవతల పోతున్నాయి. ఆమె వెనక్కి తిరగకుండానే మాట్లాడుతూ తొక్కుతుంది.

"ఇక్కడిదాకా మహారాణిలా వస్తాను కదా. అదుగో, ఆ మలుపు దగ్గరికి వచ్చేసరికి నీ గీత చెయ్యి వదిలేస్తుంది. మీ ఆఫీసు వాళ్లకు రంగు చాల్లేదా, బుద్ధి చాల్లేదా?"

"చూద్దాంలే," అన్నాడు మేస్త్రి.

"మూడు వారాల నుంచి చూస్తూనే ఉన్నావు."

మలుపు వచ్చింది. లాండ్రీ గేటుకు కొంచెం ఇవతల ఎడమవైపు ఒక వీధి చీలుతుంది. సరిగ్గా ఆ చీలిక ముందు గీత ఆగిపోయింది. కత్తితో కోసినట్టు ఆగి, ఇరవైరెండు అంగల తరువాత మళ్లీ మొదలవుతుంది. ఆ ఖాళీలో రోడ్డు వెడల్పుగా, ఎవరిదీ కానట్టు నల్లగా పడి ఉంటుంది. వీధిలోకి తిరిగే బండ్లన్నీ అందులోంచే గట్టును రాసుకుంటూ తిరుగుతాయి. మొదట్లో భయం భయంగా తిరిగేవి. వారం గడిచేసరికి అదే దారి అయిపోయింది. ఆయన తన సైకిలును ఆమె పక్కకు తెచ్చి, కోడిపెట్ట రెక్క చాచినట్టు కుడిచెయ్యి చాచి, ఆ ఇరవైరెండు అంగలూ దాటించాడు. వెనక ఒక ఆటో హారను కొట్టింది.

"చాల్లే, చూసేవాళ్లు నవ్వుతారు," అని ఆమె గేటులోకి తిరిగింది. క్యారేజీ ఒకటి ఆయన చేతికిచ్చింది. "గుడ్డు అడుగు గిన్నెలో ఉంది. మీ ముఠాలో ఆ పొయ్యి తమ్ముడికి పెట్టెయ్యకుండా నువ్వు తిను."

ఆయన తల ఊపాడు. ఏదో చెప్పబోయినట్టు ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. ఆమె అప్పటికే లోపలికి వెళ్లిపోయింది.

చెప్పాలనుకున్నది ఇది. ఆ ఖాళీ ఆఫీసు వాళ్లది కాదు. తనది.

గీత వేసిన రోజు ఆ మలుపు దగ్గర ఒక లారీ ఇరుసు విరిగి నిలబడి ఉంది. డ్రైవరు దాని కిందే గోనెపట్టా పరుచుకుని నిద్రపోతున్నాడు. ఆగిన బండి ఉన్నచోట గీత ఆపేసి, గట్టు రాయి మీద ఇంటూ గుర్తు పెట్టి, బండి పోయాక వచ్చి అతుకు వెయ్యడం ముఠా పద్ధతి. సూపర్‌వైజరు తరువాత వచ్చి గట్టు మీద ఇంటూ గుర్తులు చూసి అతుకుల లెక్క రాసుకుంటాడు. గుర్తు లేనిచోట పని అయిపోయినట్టే. ఆ గుర్తు నూనెరంగుతో పెట్టాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే సుద్దతో పెట్టినా ఎవరూ అడగరు.

ఆ రోజు ఆకాశం కడిగిన కంచంలా ఉంది. నూనెరంగు డబ్బా రంగుబండి దగ్గర ఉంది, నలభై అంగల దూరం. మోకాళ్లు పొద్దుటి నుంచీ సలుపుతున్నాయి. జేబులో సుద్ద ఉంది. ఆయన ఎడమకన్ను మూసి ఆకాశం ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. వాన రాదు అనుకున్నాడు. సుద్దతో ఇంటూ గీశాడు.

ఆ రాత్రి కుండపోత. తెల్లవారి ముఠాను ఊరికి అటు చివరకు పంపించారు. మూడో రోజు ఆయన వచ్చి చూసేసరికి లారీ పోయింది, గుర్తూ పోయింది, సూపర్‌వైజరు వచ్చి వెళ్లడం కూడా అయిపోయింది.

"సార్, మలుపు దగ్గర ఒక అతుకు మిగిలింది," అని చెప్పాడు.

సూపర్‌వైజరు చెడ్డవాడేమీ కాదు. కాగితం మనిషి. "గుర్తు లేదే."

"పెట్టాను సార్. వానకు పోయింది."

"నూనెరంగు వానకు పోయిందా?"

మేస్త్రి నేల చూశాడు. సూపర్‌వైజరుకు అర్థమయింది. "నువ్వే ఇలా చేస్తే ఎలా మేస్త్రీ? నేను పూర్తి అయిందని సంతకం పెట్టేశాను. ఇప్పుడు కాలేదంటే నన్ను అడుగుతారు, నేను నిన్ను చూపించాలి. ఎందుకొచ్చిన గొడవ. వానలు పోయాక రెండో విడత వస్తుందిగా, అప్పుడు కలిపేద్దాం." ఆ తరువాత ఇంకో రెండుసార్లు అడిగినా అదే మాట.

వానలు పోవడానికి ఇంకా మూడు నెలలుంది. రానూ పోనూ సైకిళ్లకు అదొక్కటే దారి కాబట్టి రోజుకు రెండుసార్లు ఆమె ఆ ఖాళీ దాటాలి. పొద్దున తను ఉంటాడు. సాయంత్రం తన పని ఐదున్నర దాకా, ఆమె ఐదింటికే బయలుదేరుతుంది.

అందుకని ఆయన ఒక పని మొదలుపెట్టాడు. రంగు పొడిని కాచే పొయ్యి అడుగున పని ముగిసేసరికి కొంత ముద్ద మిగిలి గడ్డకడుతుంది. దాన్ని గీకి పారేస్తారు. పారేయకుండా తీసుకుని ఒక పాత డబ్బాలో వెయ్యసాగాడు. ఒకరోజు దోసెడు, ఒకరోజు గుప్పెడు. పొయ్యి కాసేవాడు మొదట నవ్వాడు. వాడిని అందరూ పొయ్యి తమ్ముడు అంటారు. నల్లగా, పొట్టిగా, కనుబొమ్మలు ఎప్పుడో కాలిపోయి, మొహం ఎప్పుడూ ఆశ్చర్యపడుతున్నట్టు ఉంటుంది.

"ఏంటన్నా, ఇంటికి తీసుకెళ్లి గోడలకు పూస్తావా?"

మేస్త్రికి అబద్ధం ఆడటం చేతకాదు. చెప్పేశాడు. చెప్పిన ఒకే ఒక్క మనిషి వాడు. వాడు నవ్వడం మానేశాడు. ఆ మర్నాటి నుంచి అడుగున కాస్త ఎక్కువే మిగలడం మొదలైంది.

ఇవాళ డబ్బా నిండింది. పైగా ఇవాళ ముఠా పని లాండ్రీ రోడ్డుకు దగ్గర్లోనే, బడి ముందు పిల్లలు రోడ్డు దాటే చోట అడ్డచారలు వెయ్యడం. మళ్లీ ఇటువైపు ఎప్పుడొస్తారో తెలియదు. అందుకే ఆయన పొద్దున్నే అంతసేపు ఆకాశం చూసింది.

మధ్యాహ్నం అన్నం వేళ మిగతావాళ్లు బడి గోడ నీడకు చేరారు. మేస్త్రీ, పొయ్యి తమ్ముడూ రంగుబండి తోసుకుంటూ మలుపు దగ్గరికి వచ్చారు. నాలుగు ఎర్ర టోపీలు, బండ్లను ఆపడానికి రోడ్డు మీద నిలబెట్టేవి, వరసగా పెట్టారు. మేస్త్రి పాత గీత చివర మేకు కొట్టాడు. తాడు లాగి అవతలి కొసన ఇంకో మేకు కొట్టాడు. బోర్లా పడుకున్నట్టు వంగి ఒక కన్నుతో చూశాడు. వెంట్రుకంత కుడికి జరిపాడు. మీటాడు. సుద్ద చార పడింది.

"అన్నా, తిరిగే బండ్లు బూతులు తిడుతున్నాయి," అన్నాడు పొయ్యి తమ్ముడు.

"తిట్టనీ. మూడు వారాలు అలవాటు చేసింది మనమే కదా."

"మనం కాదు, నువ్వు," అని వాడు పళ్లికిలించాడు. మేస్త్రి మొహం చూసి నాలుక కరుచుకున్నాడు. "ఊరికే అన్నానన్నా."

బండి పొయ్యిలో ముద్దలు కరిగాయి. బండి నడిచింది. వెనకాలే మేస్త్రి గుప్పిటతో గాజుపూసలు చల్లుతూ నడిచాడు. అంగ తరువాత అంగ. రంగు వెచ్చగా, పాలమీగడలా మెరుస్తూ పడుతోంది. రెండు నిమిషాల్లో గట్టిపడుతోంది. పద్దెనిమిది అంగలు పోయాక బండి దగ్గింది. మూతి నుంచి రెండు బొట్లు కారి ఆగిపోయింది.

పొయ్యి తమ్ముడు మూత తీసి చూశాడు. "అయిపోయిందన్నా."

ఇద్దరూ మిగిలిన నాలుగు అంగలూ చూస్తూ నిలబడ్డారు. సరిగ్గా వీధి నోటి దగ్గరే మిగిలింది.

"కొత్త పొడి సంచి ఒకటి విప్పితే?" అన్నాడు పొయ్యి తమ్ముడు.

"వద్దు. అది బడి పనిది." మేస్త్రి తాడు చుట్టుకున్నాడు. "నా దగ్గర నూనెరంగు అరడబ్బా ఉంది. కుంచెతో వేసేస్తాను. నాలుగంగలే కదా."

"ఇప్పుడు టైము లేదు. సాయంత్రం ఇద్దరం వద్దాం."

"ఐదున్నరకు నువ్వు పొయ్యి చల్లార్చి కడగాలి. అప్పటికి ఆమె వెళ్లిపోతుంది. నేను నాలుగున్నరకు ఒక గంట అడిగి వస్తాను. ఆమె గేటు దాటేసరికి గీత ఉండాలి." ఆగి, మెల్లగా అన్నాడు. "అప్పుడు చెప్పేస్తాను రా. ముందు చెప్పడానికి మొహం లేకపోయింది. పని చేసి చెబితే కాస్త..."

"వదిన ఏమంటుందో?"

"ఏమంటుంది? ఉతికి ఆరేస్తుంది. అది ఆమె వృత్తి కదా." అని నవ్వాడు. మూడు వారాల్లో ఆయన వేసిన మొదటి ఛలోక్తి అది.

ఇద్దరూ గట్టు మీద కూర్చుని గబగబా తిన్నారు. మేస్త్రి అడుగు గిన్నెలోని గుడ్డును రెండుగా చేసి ఒక ముక్క పొయ్యి తమ్ముడి మూతలో పెట్టాడు.

నాలుగున్నరకు ఆయన ఒక చేత్తో నూనెరంగు డబ్బా, హ్యాండిలుకు తాడు, క్యారియరు మీద ఒక ఎర్ర టోపీ కట్టుకుని వచ్చాడు. మిగిలిన టోపీలు బడి ముందు కావాలి, పిల్లలు వదిలే వేళ. ఆకాశం పొద్దున ఆయన చెప్పినట్టే దగ్గరకొచ్చింది. దూది అంతా ఒకచోట చేరి తడిగోనెలా వేలాడుతోంది. ఇంకా పడలేదు. అరగంట ఆగుతుంది అనుకున్నాడు.

సైకిలు గట్టుకు ఆనించాడు. టోపీ వెనక నిలబెట్టాడు. తాడు లాగి, చార తీసి, గొంతుక్కూర్చుని కుంచె ముంచాడు. కుంచెతో గీత వేసి ఎన్నేళ్లయిందో. రంగుబండ్లు రాకముందు, ఆయన పనిలో చేరిన కొత్తలో అన్నీ ఇలాగే వేసేవారు. చెయ్యి మరచిపోలేదు. ముందు రెండు అంచులు, తరువాత లోపల నింపడం. తడి మీద చిటికెడు గాజుపూసలు.

మొదటి అంగ అయింది. గేటు అవతల లాండ్రీ గొట్టంలోంచి ఆవిరి పోతోంది, సబ్బు వాసన. ఆ లోపల ఎక్కడో ఆమె దుప్పటి రెండు కొసలూ పట్టుకుని విదిలిస్తూ ఉంటుంది. గేటు దాటి రాగానే చూస్తుంది. "ఆహా, వచ్చిందా బుద్ధి మీ ఆఫీసుకు!" అంటుంది. అప్పుడు చెప్పాలి. ఆఫీసు కాదే, నేనే. సుద్దతో పెట్టాను. మోకాళ్లు నొప్పని పెట్టాను. ఎలా మొదలెట్టాలో మనసులో ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు.

రెండో అంగ అయింది. మెడ మీద ఒక చినుకు పడింది. తలెత్తి చూడలేదు. కుంచె వేగం పెంచాడు.

వెనక ఏదో బండి చప్పుడు తగ్గింది. వేగంగా వచ్చే బండి మలుపు తీసుకోబోయే ముందు అలాగే తగ్గుతుంది. వేడి రొట్టెల వాసన వచ్చింది. ఆయన మూడో అంగకు చార మీద కుంచె ఆనించాడు. అంచు తిన్నగా రావాలని ఎడమకన్ను మూశాడు.

ఐదింటికి లాండ్రీ గేటు తెరిచారు. ఆమె సైకిలు నడిపించుకుంటూ బయటికి వచ్చేసరికి వాన సన్నగా మొదలైంది. మలుపు దగ్గర జనం గుంపుగా ఉన్నారు. రొట్టెల వ్యాను వీధిలోకి సగం తిరిగి ఆగిపోయి ఉంది. ఎర్ర టోపీ దాని కింద నలిగి ఉంది. వ్యాను డ్రైవరు గట్టు మీద కూర్చుని రెండు చేతులతో తల పట్టుకుని, వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెబుతున్నాడు. "అద్దంలో చూశానండీ. చూసే తిప్పాను. ఎవరూ లేరు. రోజూ ఇట్లాగే తిప్పుతానండీ, ఎప్పుడూ ఎవరూ లేరు."

ఆమెకు ముందు కనపడింది గట్టుకు ఆనించిన సైకిలు. దాని హ్యాండిలుకు వేలాడుతున్న క్యారేజీ. తరువాత తెల్లగీత. ఎప్పుడూ లేనిచోట గీత ఉంది. దాని చివర డబ్బాలోంచి ఒలికిన నూనెరంగు వాన నీళ్ల మీద తేలుతూ పాలలా గట్టు వెంట పారుతోంది. చేతిలోంచి సైకిలు పడిపోయింది. ఆమె పరిగెత్తలేదు. గట్టు పక్కనుంచి గీతకు ఇవతలే నడుచుకుంటూ ఆయన దగ్గరికి వెళ్లింది.

ఆయన పోయిన పదహారో రోజున ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. రెండు అంగల అతుకు. సూపర్‌వైజరే స్వయంగా వచ్చి గట్టు రాయి మీద నూనెరంగుతో ఇంటూ గుర్తు పెట్టాడు. పెట్టడం చేతకాక ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి అయింది. పెట్టి, కుంచె ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. గీత పక్కన గట్టి స్తంభాలు కూడా పాతిస్తామని ఎవరితోనో అన్నాడు.

తాడు కొత్తవాడు పట్టుకున్నాడు. రెండు కళ్లూ తెరిచే చూశాడు. ఆ రెండు అంగలూ వేలెడు వంకరపోయాయి. ముఠాలో అందరూ చూశారు. పొయ్యి తమ్ముడు పూసలు చల్లాడు.

అన్నం వేళకు లాండ్రీ గేటు లోంచి ఆమె వచ్చింది. పనిలోకి రావడం మొదలుపెట్టి రెండు రోజులైంది. చేతిలో రెండు క్యారేజీలున్నాయి. ఒకటి తనది, ఒకటి ఆయనది. కూతురు వ్యాను ఎదురుగా దూరంగా ఆపి, దిగి, రోడ్డుకు రెండువైపులా చూసి దాటి వచ్చింది. ముఠా వాళ్లు గట్టు మీద జరిగి చోటిచ్చారు. సూపర్‌వైజరు కూడా నెత్తి మీది టోపీ తీసి ఒక చివర కూర్చున్నాడు.

పొయ్యి తమ్ముడు కాసేపు నేల గీకాడు. "వదినా, ఒక మాట. మోయలేకుండా ఉన్నాను. ఈ గీత మొదట వదిలేసింది..."

"తెలుసు," అంది ఆమె.

"అన్న చెప్పాడా?"

"చెప్పలేదు. ఆ రోజు చొక్కా నేనే కదా ఉతికింది. గీత పనికి వెళ్లిన రోజు కఫ్‌కు నూనెరంగు మరక ఉంటుంది, ఎంత ఉతికినా వదలదు. ఆ రోజు లేదు. జేబులో సుద్ద ముక్క ఉంది, కొస కొత్తగా అరిగింది. రాత్రేమో అంత వాన. తెల్లారి నుంచీ మనిషి ముద్ద మింగడు. ఇంక చెప్పేదేముంది?"

"మరి అడగలేదేం వదినా?"

ఆమె క్యారేజీ గొళ్లెం తీసింది. "ఆఫీసు వాళ్లని తిడుతూనే ఉన్నాను కదా, అందులోనే ఆయన చెబుతాడేమో అని. నేను అడిగి చెప్పించుకుంటే చిన్నబుచ్చుకుంటాడు, తనే చెప్పనీ అనుకున్నాను." ఆగింది. "అడగాల్సింది."

కూతురు తల్లి వీపు మీద చెయ్యి వేసింది. సూపర్‌వైజరు తల దించుకుని తన బూట్లు చూసుకున్నాడు.

ఆమె ఆయన క్యారేజీ విప్పి అందరి ముందూ పెట్టింది. పై గిన్నెలో అన్నం, కింద గిన్నెలో కూర, అడుగు గిన్నెలో ఒక గుడ్డు. గుడ్డును రెండుగా చేసి ఒక ముక్క పొయ్యి తమ్ముడి మూతలో వేసింది. వాడు దాన్ని చూస్తూ కూర్చుండిపోయాడు. ఆమె "తిను" అన్నట్టు గడ్డం కదిలించింది. వాడు తిన్నాడు. అందరూ తినడం మొదలుపెట్టారు. ఎదురుగా సైకిళ్లు పోతున్నాయి. వీధిలోకి తిరగబోయిన ఒక లారీ గీత దగ్గర ఆగింది. ఇద్దరు పంతులమ్మలు సైకిళ్ల మీద దాటేదాకా ఉండి, అప్పుడు తిరిగింది. చెంచాల చప్పుడు, గిన్నెల చప్పుడు.

తిన్నాక ఆమె గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, మూత చేతిలోకి తీసుకుని ఆగింది. ఎన్నిసార్లు తోమినా మూత అంచు మడతలో ఆయన వేళ్ల నుంచి రాలిన గాజుపూసలు నాలుగైదు ఇరుక్కునే ఉన్నాయి. పుల్లతో తీద్దామని వంగి, తీయకుండానే గట్టు మీద ఎండలో పెట్టింది. మూత అంచున అవి సన్నగా మెరుస్తూ ఉన్నాయి.